నోరా ఇంట్లో అమెరికా స్వాతంత్ర్యం

ఐర్లండ్‌లో నేస్ అనే ఊళ్లో, చర్చివాళ్ల పారిష్ హాల్లో ఆ సాయంత్రం చెవి పట్టుకున్నది నేను. భాస్కరన్న కాదు. ఈ ముక్క చెప్పడానికి అప్పుడు నాకు నోరు రాలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పే వీలు దొరికింది, అప్పుడూ రాలేదు. నేస్ ఉన్న కిల్డేర్ వైపు పాత తెలుగువాళ్లు కొందరు ఇప్పటికీ "ఎవరూ, క్విజ్‌లో కాపీ కొట్టి దొరికిపోయి ఇల్లు ఖాళీ చేశాడే, ఆ భాస్కరేనా?" అంటారు. అలా అన్నప్పుడల్లా వాళ్లతో కలిసి నేనూ నవ్వాను. ఒక ఉగాది భోజనాల దగ్గరైతే ఆ కథ తెలియనివాళ్లకు నేనే చెప్పాను, పులిహోర తింటూ, నాకేమీ సంబంధం లేనట్టు. అందుకే ఇది రాస్తున్నాను.

లాక్‌డౌన్ రాకపోతే ఇంకా రాసేవాణ్ణి కాదేమో. డబ్లిన్ శివారు లూకన్‌లో మా వీధంతా నిశ్శబ్దంగా ఉండేది. బళ్లు మూసేశారు. మా ఆవిడ పైగదిలో తలుపేసుకుని ఆఫీసు మీటింగుల్లో, నేను హాల్లో ఇస్త్రీబల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని, అమ్మాయి నిత్య వంటింట్లో బల్ల దగ్గర. దాని బళ్లో చరిత్ర టీచరు అమెరికా స్వాతంత్ర్య పోరాటం మీద ఆన్‌లైన్‌లో పరీక్ష పెడుతుందట. "డాడ్, విల్ యూ టెస్ట్ మీ?" అంది. నేను తెలుగులో అడగడం, అది ఐరిష్ యాసలో ఇంగ్లీషులో జవాబివ్వడం మా ఇంటి పద్ధతి. టీ పెట్టెల్ని ఏ రేవులో పారబోశారే అంటే "బోస్టన్, ఈజీ" అంది. తొలి కాల్పులు లెక్సింగ్టన్ అంది. స్వాతంత్ర్య ప్రకటన ఫిలడెల్ఫియా అంది. యుద్ధాన్ని ముగించిన ఒప్పందం ఏ ఊళ్లో జరిగిందన్న దగ్గర ఆగిపోయింది. పోనీ అని ఆప్షన్లు ఇచ్చాను. ఎ లండన్, బి పారిస్, సి న్యూయార్క్. అది పెన్సిలు కొరుకుతూ ఆలోచిస్తోంది. నా వేలు దానంతటదే వెళ్లి నా ముక్కు మీద ఆనింది.

"డాడ్! ముఖం ముట్టుకోకూడదు!" అని అరిచింది నిత్య. అప్పట్లో అదే పెద్ద నేరం కదా. "చేతులు కడుక్కో, పో" అని సింకు వైపు చూపించింది. కుళాయి కింద చేతులు పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

ఆ వేలికి ఆ అలవాటు ఎక్కడిదో తెలుగునాట పదో తరగతి రాసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బిట్ పేపరు ఇచ్చాక చివరి అరగంటలో హాలంతా సైగలే. చెవి పట్టుకుంటే ఎ, ముక్కు ముట్టుకుంటే బి, గడ్డం గీరుకుంటే సి, తల గోక్కుంటే డి. తెనాలిలో మా బళ్లో ఇన్విజిలేటరు ఒకాయన "ఏంట్రా, అందరికీ ఒకేసారి చెవి దురద పెట్టిందా?" అని నవ్వేసి కిటికీ వైపు తిరిగేవాడు. అదొక తప్పని మాకెవరికీ అనిపించలేదు. పక్కవాడికి సాయం చేయడం అనుకునేవాళ్లం. ఆ అలవాటును నేను ఐర్లండ్ దాకా మోసుకొచ్చాను.

చదువైపోయి మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో నేస్‌లో నోరా ఇంట్లో గది తీసుకున్నాను. నాకంటే ముందే అక్కడ భాస్కరన్న ఉన్నాడు. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది. అదే ఫ్యాక్టరీలో వేరే షిఫ్టు. నోరా భర్త పోయిన మనిషి, పిల్లల్లేరు. మొదటిరోజు "నోరా ఆంటీ" అన్నాను. "నీకు నేను ఆంటీని కాదు, ఇక్కడ ఎవరికీ కాదు. నోరా. అంతే" అంది. మా అమ్మకంటే పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడానికి నాకు నెలలు పట్టింది. ఆమె వినకుండా మేమిద్దరం నోరాగారు అనుకునేవాళ్లం.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పొయ్యిగూట్లో కట్టెలకు బదులు కాల్చే పీట్ మట్టి ఇటుకల పొగ, ఉడికించిన క్యాబేజీ, ఆరీ ఆరని ఉన్ని కోట్లు, వీటన్నిటి మీదా మా ఆవాల తాలింపు. తాలింపు వేసేటప్పుడు నోరా పెరటి తలుపు తీసిపెట్టేది, కానీ నేను ఆమె గిన్నె మాడ్చేసినప్పుడు కూడా వద్దనలేదు. అక్కడ అల్మరాని ప్రెస్ అంటారు. వంటింట్లో ఒక ప్రెస్ ఖాళీ చేసి మా పప్పులూ కారాలూ పెట్టుకోమంది. మేడమీద ఇంకొకటుండేది, హాట్ ప్రెస్. వేణ్ణీళ్ల ట్యాంకున్న అల్మరా, దుప్పట్లూ తువ్వాళ్లూ అందులో వెచ్చగా ఆరేవి. ఆ చలిదేశంలో ఇడ్లీ పిండి పులవక ఏడుస్తుంటే భాస్కరన్నకు ఆ హాట్ ప్రెస్ కనబడింది. గిన్నె తీసుకెళ్లి దుప్పట్ల మధ్య పెట్టాడు. తెల్లారేసరికి పిండి పొంగి, చర్చి బల్ల మీద పరచడానికి నోరా ఇస్త్రీ చేసి పెట్టుకున్న తెల్ల గుడ్డల మీదికి కారింది. నోరా ఆ గుడ్డను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "బాస్కర్, ఇది బతికే ఉందా?" అని అడిగింది. ఆయన గడగడలాడుతూ "ఎస్ నోరా, వెరీ ఫ్రెష్" అన్నాడు. ఆమె మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత హాట్ ప్రెస్‌లో కింది అర మా పిండికి కేటాయించింది, దుప్పట్లు పై అరలోకి పోయాయి.

సాయంత్రం ఆరింటికి రేడియోలో ప్రార్థన గంటలు మోగేవి. ఆమె చేతిలో ఏ పనున్నా ఆపి, తల వంచుకుని నిలబడేది. మేం కూడా నమిలేది ఆపి కూర్చునేవాళ్లం. తర్వాత టీ. చెంచా నిలబడేంత చిక్కటి టీ అది, ఆమె పోస్తే కాదనడానికి లేదు. "ఇమ్మర్షన్ ఆపారా?" అన్నది ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా వినబడే మాట. వేణ్ణీళ్ల స్విచ్చి అది. ఊళ్లో ఎవరిల్లు తగలబడినా ఇమ్మర్షన్ వల్లేనని ఆమె నమ్మకం. పొద్దున్నే పొయ్యిగూట్లో బూడిద తీసి, కొత్తగా పేర్చే పని భాస్కరన్నది. ఎవరూ చెప్పలేదు. "మా అమ్మకు గట్లనే పొయ్యి అంటువెట్టి ఇస్తుంటి తమ్మీ, నాకు అలవాటే" అనేవాడు. నేను ఆ వెచ్చదనంలో కాళ్లు చాపుకుని కూర్చునేవాణ్ణి. అదే నా వంతు పని.

క్విజ్ పిచ్చి మాకు అంటించింది నోరాయే. ఆ దేశంలో చర్చి కప్పు కారినా, బళ్లో పిల్లలకు జెర్సీలు కావాలన్నా టేబుల్ క్విజ్ పెడతారు. బల్లకు నలుగురు కూర్చుని జవాబులు రాయాలి. నేస్ పారిష్ హాల్లో ఏటా ఒక కప్పు ఇచ్చేవాళ్లు. నోరా భర్త మైకేల్ దాన్ని చాలాసార్లు గెలిచాడు, దాని మీద ఆయన పేరు చెక్కి ఉంది. ఆయన పోయాక కప్పు వేరేవాళ్ల ఇళ్లకు పోయింది. ఒక్క ఏడాదికైనా దాన్ని తెచ్చి పొయ్యిగూటి పైన పెట్టుకోవాలని ఆమె కోరిక. నోటితో అనలేదెప్పుడూ. ఆ చోటు మాత్రం ఖాళీగా ఉంచేది, అక్కడ ఏ బొమ్మా పెట్టనిచ్చేది కాదు.

ఆ ఏడాది చివరి రౌండు అమెరికా స్వాతంత్ర్య పోరాటం మీదని క్విజ్ నడిపే రిటైర్డ్ మాస్టారు ముందే చెప్పాడు. ఇక రోజూ టీ అయ్యాక నోరా ఊలు అల్లుకుంటూ మమ్మల్ని ప్రశ్నలడిగేది. ఐరిష్ ఆటల గురించో పాటల గురించో అడిగితే మేం గోడలు చూసేవాళ్లం గానీ, ఇది మాకు పదో తరగతి సోషల్. నావన్నీ బిట్లు. ఎన్ని వలసలు, ఏ ఊరు, ఎవరు లొంగిపోయారు, అడగడం ఆలస్యం చెప్పేసేవాణ్ణి. భాస్కరన్న తెలుగు మీడియం. ఆయనకు పేర్లు ఇంగ్లీషులో తట్టేవి కావు, కానీ ఎందుకు జరిగిందన్నది కథలా చెప్పేవాడు. "మా పుస్తకంల బోస్టన్ తేనీటి విందు అని రాసిన్రు నోరా. నేను పదో తరగతి దాకా నిజంగనే విందు అనుకున్న. పేలాలు, బిస్కట్లు పెట్టి ఉంటరనుకున్న" అన్నదాన్ని నేను ఇంగ్లీషులో చెప్తే నోరా అల్లిక జారవిడిచింది. "సముద్రంలో అంత టీ పోసి పక్కన ఒక బిస్కట్ కూడా లేదంటే, వాళ్లకు స్వాతంత్ర్యం ఎలా వచ్చిందో ఏమో" అంది. యార్క్‌టౌన్‌లో ఓడిపోయిన సేనాని తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడని నేను చెప్పాను. "మా దేశానికీ వచ్చాడు, మీ తర్వాత మా వంతే" అంది నోరా. అమెరికావాళ్లు తరిమినవాణ్ణి మనమిద్దరం భరించామన్నమాట అని ముగ్గురం నవ్వుకున్నాం.

క్విజ్ రోజు హాలు నిండిపోయింది. నోరా బల్లకు పక్కింటి దంపతులు, నోరా, భాస్కరన్న, నలుగురూ సరిపోయారు. నన్ను పక్కనున్న వేరే బల్లకు ఇచ్చారు, వాళ్లకు ఒక మనిషి తక్కువయ్యాడని. మా బల్ల మొదటి రౌండులోనే అడుక్కి పోయింది. నోరా బల్ల మాత్రం చివరి రౌండు వచ్చేసరికి మొదటి స్థానంలో ఉంది, వాళ్ల వెనకే ఇంకో బల్ల. చివరి రౌండు ఎ, బి, సి ఆప్షన్లతో. తేలికవన్నీ అందరూ రాసేశారు. ఆఖర్న మాస్టారు అడిగాడు, మొదటి కాంగ్రెస్‌కు ప్రతినిధుల్ని పంపని వలస ఏది? జార్జియా, డెలావేర్, న్యూయార్క్.

నాకది బిట్ పేపర్లో వచ్చిన ప్రశ్న. జార్జియా. ఎ. నోరా బల్ల వైపు చూశాను. పక్కింటాయన న్యూయార్క్ అని గుసగుసలాడుతున్నాడు, నోరా భాస్కరన్న మొహంలోకి చూస్తోంది, ఆయన ఆలోచిస్తూ తలెత్తాడు. మా చూపులు కలిశాయి. నేను చెవి పట్టుకున్నాను. ఆయన మొహం ముడుచుకుంది. అర్థం కాలేదేమో అనుకుని మళ్లీ పట్టుకున్నాను, ఈసారి గట్టిగా లాగి. ఆయన కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి నా వైపు తిప్పి, వద్దు అన్నట్టు ఊపాడు.

"ఆ మనిషి సైగలు చేస్తున్నాడు" అంది వెనక బల్ల నుంచి ఒకావిడ, లేచి నిలబడి. హాలంతా తిరిగి చూసేసరికి గాల్లో ఉన్నది భాస్కరన్న చెయ్యి. నా చేతులు అప్పటికే బల్ల మీదికి వచ్చేశాయి, ఒకదాని మీద ఒకటి, బుద్ధిమంతుడిలా. మాస్టారు కళ్లద్దాలు తీసి, "ఏమైనా చెప్పాలా సర్?" అని మర్యాదగా అడిగాడు. భాస్కరన్న ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అడగడం ఉంది. నేను నీళ్ల గ్లాసు వైపు చూశాను. "సారీ" అన్నాడాయన. అక్కడ ఎవరూ కేకలేయరు. ఎవరో దగ్గారు, ఎవరో టీ సిద్ధంగా ఉందన్నారు, మాస్టారు నోరా బల్ల జవాబుల కాగితాన్ని పక్కన పెట్టేశాడు. నోరా మాత్రం లేచి కోటు వేసుకుని, "మైకేల్ పేరున్న కప్పు అది. నిన్ను నేనే తీసుకొచ్చాను ఇక్కడికి" అంది ఆయనతో. అంతే అంది.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. వర్క్ పర్మిట్ పొడిగింపు కోసం ఎదురుచూస్తున్నాను, మోసం అన్న మాట నా పేరు పక్కన పడితే ఏమవుతుందోనని భయం వేసింది. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆయన పెద్దవాడు, తట్టుకుంటాడులే అనుకున్నాను. 

మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్తే భాస్కరన్న పొయ్యిగూట్లో బూడిద ఎత్తుతున్నాడు. తల తిప్పకుండానే, "నువ్వు చెప్తవా తమ్మీ?" అన్నాడు.

"నేనే చెప్తానన్నా. కాస్త టైమివ్వు."

"గట్లెందుకు చేసినవ్‌రా? నేను అడిగిన్నా? నాకు తెలుసు అది జార్జియా అని."

"ఆమె గెలవాలని అన్నా."

"ఆమె గెలవాలని నాకు లేదా?"

వారమంతా ఆయన ఎదురుచూశాడు. నేను నోరా దగ్గరికి వెళ్లేవాణ్ణి, ఆమె "ఇమ్మర్షన్ ఆపావా?" అనేది, ఆపాను అనేవాణ్ణి, వచ్చేసేవాణ్ణి. టీ పోసేది గానీ ప్రశ్నలు అడగడం మానేసింది. శనివారం భాస్కరన్న సూట్‌కేసు దించాడు. డబ్లిన్ వైపు శాండీఫోర్డ్‌లో గది దొరికిందట. ఆ పొద్దున కూడా బూడిద తీసి, మంట అంటించే వెళ్లాడు. బస్టాపు దాకా పెట్టె మోస్తూ, "నువ్వైనా చెప్పేయొచ్చుగా అన్నా, నా పేరు" అన్నాను, నా బరువు కూడా ఆయన నెత్తినే పెడుతూ. "నేను చెప్తే నువ్వు ఆ ఇంట్ల ఉండలేవు. నువ్వు చెప్తే ఉండగలవు. గందుకే నేను చెప్పలే" అన్నాడు. బస్సు వచ్చింది.

ఆ తర్వాత రెండేళ్లు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. మంట నాకు సరిగ్గా అంటుకునేది కాదు, పొగొచ్చేది. నోరా చలికి భుజాల మీద శాలువా కప్పుకుని కూర్చునేది, ఏమీ అనేది కాదు. ఇడ్లీ పిండి మానేశాను. పెళ్లయింది, లూకన్ వచ్చేశాను, క్రిస్మస్ కార్డులు కొన్నాళ్లు పంపి మానేశాను. ఇప్పుడు మా ఇంట్లో గదిగదికీ హీటరుంది, ఫోన్లో నొక్కితే వెచ్చబడుతుంది. ఇడ్లీ పిండి లూకన్ అంగట్లో డబ్బాలో దొరుకుతుంది. లాక్‌డౌన్లో రోజంతా ముగ్గురం ఒకే కప్పు కింద ఉండి, ఒక్కొక్కరం ఒక్కో తెర ముందు కూర్చున్నాం. ఆరింటికి గంటలు వినబడితే ఆగి నిలబడేవాళ్లు ఎవరూ లేరు. నోరా ఇంట్లో రక్తసంబంధం లేని ముగ్గురం ఒక్క మంట చుట్టూ కూర్చునేవాళ్లం. దాన్ని ఆర్పింది నేనే.

నిత్య నా చేతులు కడిగించిన మర్నాడు భాస్కరన్నకు ఫోన్ చేశాను. నెంబరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎప్పట్నుంచో ఉంది. 

"ఎవలు?"

"ప్రసాద్‌నన్నా. నేస్ ప్రసాద్‌ని."

ఆయన గొంతు మారిపోయింది. "ఏమైందిరా? ఇంట్ల అందరు మంచిగున్నరా?" ఆ రోజుల్లో పాతవాళ్ల నుంచి ఫోనొస్తే అందరికీ మొదట వచ్చే అనుమానం అదే. అందరూ బాగున్నారన్నాను. తర్వాత నేను ఎందుకు చేశానో చెప్పాను, తడబడుతూ, మొదట్నుంచీ చివరిదాకా. ఆయన అంతా విన్నాడు.

"నాకెందుకు చెప్తున్నవ్ తమ్మీ? నాకు తెల్వంది ఏమన్నా ఉంటే చెప్పు."

మళ్లీ ఆయనే అన్నాడు. "నోరా నర్సింగ్ హోంల ఉన్నది. నేను ఏటా కార్డు పంపుత, పోయిన క్రిస్మస్‌కు ఆమె మేనకోడలు జవాబు రాసింది. మనిషి గట్టిగనే ఉన్నదట, చెవులే సరిగ్గ వినవడయట. చూడాలని మస్తు ఉంటది నాకు. ఏ మొఖం వెట్టుకొని పోవాలె? ఆమె లెక్కల నేను దొంగనే కదా. నర్సింగ్ హోంలల్ల ఎట్లున్నదో వార్తలు చూస్తున్నవ్ గద. ఆమెకు చెప్పు. పోకముందు చెప్పు."

ప్రయాణాల మీద ఆంక్షలు సడలి, నర్సింగ్ హోముల్లో కిటికీ బయట నిలబడి చూడనిచ్చిన మొదటి వారాల్లో వెళ్లాను. ఆయన్నీ రమ్మన్నాను. వచ్చాడు గానీ గేటు దగ్గర కారు పక్కనే నిలబడిపోయాడు, మాస్కు పైన కళ్లద్దాలు మసకబారి. జుట్టంతా నెరిసిపోయింది. "నువ్వు ముందు పో" అన్నాడు.

తోటలో కిటికీ కిటికీకీ ఒక కుటుంబం నిలబడి ఉంది, దూరం దూరంగా. అద్దం అవతల నోరా చక్రాల కుర్చీలో ఉంది, ఎంత చిన్నదైపోయిందో. అక్కడి నర్సమ్మ ఫోను స్పీకరులో పెట్టి ఆమె చెవి దగ్గర పట్టుకుంది. "ఆ గుడ్డ తియ్యి, నువ్వెవరో తెలియాలి" అంది నోరా. వెనక్కి జరిగి మాస్కు దించాను. "ప్రసాద్! నా గిన్నె మాడ్చినవాడు!" అంది, సంతోషంగా.

చెప్పడం మొదలుపెట్టాను. వినబడలేదంది. గట్టిగా చెప్పాను. "ఇంకా గట్టిగా, లవ్" అంది నర్సమ్మ, అక్కడ అందర్నీ అలాగే పిలుస్తారు. చివరికి అరిచాను. ఆ రోజు క్విజ్‌లో సైగ చేసింది నేను, భాస్కర్ నన్ను ఆపుతున్నాడు, ఆయన ఏ తప్పూ చేయలేదు, అంతా తెలిసీ నేను నోరు మూసుకున్నాను అని. పక్క కిటికీల దగ్గరున్నవాళ్లు మాటలాపి తిరిగి చూశారు. ఈసారి చూపులన్నీ నా మీదే ఉన్నాయి.

నోరా తన ఒళ్లోని చేతుల వైపు చూసుకుంది. ఆమెకు వినబడిందో లేదో అనుకున్నాను. తర్వాత, "వెళ్లే రోజు కూడా నా మంట వెలిగించి వెళ్లాడు. నేను గుమ్మం దాకా కూడా రాలేదు" అంది. నా వైపు చూసింది. ఆ చూపును తప్పించుకోవాలని ఈసారి అనిపించలేదు. "అది నాతో ముందే చెప్పాల్సింది, ప్రసాద్. ముందే" అంది. అని, "అతను ఎక్కడున్నాడు?" అంది.

చెయ్యి ఊపితే భాస్కరన్న వచ్చాడు. నర్సమ్మ నియమాలేవో చెప్పబోయి ఊరుకుంది. నోరా ఆయన్ని చూస్తూనే కుర్చీలో ముందుకి వంగింది. "బాస్కర్, నేను నిన్ను ఆ హాల్లో అందరి ముందూ..." అని మొదలుపెట్టింది. ఆయన రెండు చేతులూ ఊపుతూ "గ్రాండ్, నోరా, ఇట్స్ గ్రాండ్" అంటున్నాడు, ఏం ఫర్లేదనడానికి అక్కడివాళ్లు అనే మాట అది, ఏడుస్తున్నాడు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి నా తప్పుకు తాను క్షమాపణ చెప్తోంది. ఆయనకు ఎంత దూరంలో ఉండాలో అంత దూరంలోనే, ఆ తడి గడ్డి మీద, ఆమె చూస్తుండగా ఆయన వైపు తిరిగి చేతులు జోడించాను.

"అన్నా, నిన్ను నేను దోషిని చేశాను. నీ ఇంటిని నీకు కాకుండా చేసి నేను అందులో ఉన్నాను. నీ మీద నలుగురూ నవ్వితే నేనూ నవ్వాను. తప్పు నాది. నన్ను క్షమించు."